చిన్న దీవి పిట్ట

మన వీధి చివరింట్లో ఉండే పిట్టలక్క మ్యూజియంలో ఒక ఖరీదైన పిట్టను దొంగిలించి అమ్ముకుందనీ, నేరం సొంత తమ్ముడి నెత్తిన రుద్దిందనీ, ఆ దిగులుతోనే అతను పోయాడనీ ఈమధ్య ఒక మాట కుళాయి దగ్గర పుట్టి కూరగాయల బండి దాకా నడిచింది. నడిచేకొద్దీ ఒళ్ళు కూడా చేసింది. మొదట ఒక్క పిట్ట అన్నారు, వారం తిరిగేసరికి బుట్టెడయ్యాయి. ఇంకా కొన్ని ఆవిడ మంచం కింద రేకు పెట్టెలో దాగి ఉన్నాయని ఇస్త్రీ చేసేవాడు చెప్పాడు. ఆ పెట్టెలో ఉన్నవి పాత దుప్పట్లు. మూత ఎత్తి చూసినవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు.

ఆవిడ పిట్టను దొంగిలించలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేసి ఒక ఈకను కూడా గుమ్మం దాటించలేదు. ఆవిడ వల్ల జరిగింది వేరు. చెప్పుకోవడానికి అది దొంగతనమంత రుచిగా ఉండదు, మోయడానికి మాత్రం అంతకన్నా బరువు. ఎలాగూ జనం నోట నలుగుతోంది కనుక, నలిగేదేదో నిజమే నలగనీ.

పిట్టలక్క పని పిట్టల తోలు తీయడం. మ్యూజియం వెనక వైపు, మెట్ల కింద నుంచి వెళితే వచ్చే పొడుగాటి గదిలో ఒకే కిటికీ, దాని ముందు రేకు పరిచిన బల్ల. చచ్చిన పిట్టను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీది ఈకలను నోటితో ఊది పక్కకు తప్పించి, సన్నటి కత్తితో గాటు పెట్టేది. లోపలిదంతా తీసేసి, తోలును చొక్కా తిరగేసినట్టు తిరగేసి, రంపపు పొట్టుతో తడి పీల్చి, పురుగు పట్టకుండా మందుపొడి రాసి, దూది కూరి కుట్టేసేది. ఇవి అద్దాల బీరువాల్లో కొమ్మల మీద కూర్చుని జనాన్ని చూసే పిట్టలు కావు. సొరుగుల్లో వరసగా పడుకుని ఉండేవి, చదువుకున్నవాళ్ళు తీసి కొలుచుకునేవి. ప్రతి పిట్ట కాలికీ ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఆడా మగా. చీటీ పోయిన పిట్ట పనికిరాదని, అది దూది కూరిన తోలు మాత్రమేనని అక్కడి పెద్దసారు అనేవారు.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే పిట్టలక్క నవ్వి, నా చేతులకు కలరా ఉండల వాసన, దగ్గరికొచ్చినవాడికి పురుగు పట్టదు గాని తలనొప్పి పట్టుకుంటుంది అనేది. అసలు సంగతి అది కాదు. అమ్మ పోయేనాటికి ఆవిడకు పంతొమ్మిది, తమ్ముడికి తొమ్మిది. వాడికి తల దువ్వడం, జ్వరమొస్తే కూర్చోవడం, లెక్కలు రాకపోతే వాడితో పాటు తనూ తల పట్టుకోవడం, ఇదే ఆవిడకు సంసారమైంది. తమ్ముడు పెద్దవాడై పెళ్ళి చేసుకున్నాక కూడా ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు. మరదలు గలగలా మాట్లాడే మనిషి. వదినా మరదళ్ళు ఒకరి జడ ఒకరు వేసుకునేవారంటే ఇంకేం చెప్పాలి.

తమ్ముడు కూడా ఆ మ్యూజియంలోనే చేరాడు. అయితే గదిలో కాదు, బయట. దూరాలు తిరిగి పిట్టల్ని పట్టి తెచ్చే పని. ఒకసారి అతన్ని ఓడలో పన్నెండు రోజుల ప్రయాణం ఉన్న దీవుల గుంపుకు పంపారు. ఎనిమిది నెలలుండి వచ్చాడు. నల్లబడి, సన్నబడి, కళ్ళు మాత్రం దీపాల్లా పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు భోజనాల బల్ల దగ్గర ఎవరినీ తిననివ్వలేదు.

ఆ దీవులు సముద్రం మధ్యలో అగ్నిపర్వతం కక్కిన రాయట. మొదట వాటి మీద గడ్డి కూడా లేదట. ఎప్పుడో, లెక్క తెలియనన్ని తరాల క్రితం, ఏదో పెద్ద గాలివాన గుప్పెడు పిట్టల్ని ఎత్తుకొచ్చి అక్కడ పడేసి ఉంటుందని తమ్ముడు చెప్పాడు. తిరిగి వెళ్ళలేని దూరం. అవి అక్కడే గుడ్లు పెట్టుకున్నాయి, ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకాయి. పెద్ద దీవిలో గట్టి పెంకు గింజలున్నాయి. కరువొచ్చిన ఏడాది మెత్తటి గింజలు అయిపోతే, ముక్కు కాస్త లావుగా పుట్టినవి మాత్రం పెంకు పగలగొట్టుకు తిని బతికాయి. వాటి పిల్లలకూ ఆ లావే వచ్చింది. పక్కనే ఉన్న చిన్న దీవిలో అలాంటి గింజల్లేవు, బెరడు సందుల్లో పురుగులున్నాయి. అక్కడ సన్న ముక్కువి బతికాయి. ఎవరూ అనుకుని చేసింది కాదు, ఒక్కో కరువూ తనకు నచ్చినవాటిని ఏరుకుంటూ పోయింది. అలా వేల ఏళ్ళు. ఇది చెప్పడానికి అతను బల్ల మీదున్న చెంచాలన్నీ వాడేశాడు. పట్టకారు ఒక దీవి అయింది, గరిటె ఇంకో దీవి అయింది.

మధ్యలో ఉన్నవి నీళ్ళే కదా, ఎగిరి వెళ్ళొచ్చుగా అని పిట్టలక్క అడిగింది.

"వెళ్తాయక్కా, గాలికి అప్పుడప్పుడూ. కానీ వెళ్ళినదాని పాట అక్కడివాటికి పట్టదు. ఎంత పాడినా ఆడపిట్ట మొహం తిప్పుకుంటుంది. అందుకే అంటున్నా, అవి ఒకటి కాదు. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా రెండూ వేరు జాతులు."

"మీ పాటకి నేను మొహం తిప్పుకోనందుకు సంతోషించండి," అంది మరదలు, గరిటె తీసుకుపోతూ.

పైకి చూస్తే నిజంగానే తేడా లేదు. అదే బూడిద రంగు, అదే తోక. ముక్కు లావులో అర బియ్యపు గింజంత తేడా, అదీ కొలిచి చూస్తేనే. పాటలో తేడా తెలుస్తుంది గాని చచ్చిన పిట్ట పాడదు. ఇంకో మాట కూడా చెప్పాడు తమ్ముడు, చెంచాలు వదిలేసి, మెల్లగా. చిన్న దీవిలో పిల్లులు లేవు, పాములు లేవు, మనుషులు లేరు. అందుకని ఆ పిట్టలకు భయం అంటే తెలియదు. ఒకటి వచ్చి అతని మోకాలి మీద వాలిందట. పట్టుకోవడానికి వల కూడా అక్కర్లేకపోయిందట. అది చెప్పాక అతను తినలేదు.

ఈ తేడా తేల్చడం అప్పుడు చాలా అవసరమైంది. చిన్న దీవిలో ఓడలకు నూనె నింపే డిపో కడదామని పైవాళ్ళు అనుకుంటున్నారు. కట్టేముందు మ్యూజియాన్ని ఒక మాట అడిగారు: ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని ప్రాణి ఏదైనా ఉందా? ఉందంటే దీవిని వదిలేస్తారు. లేదంటే పని మొదలు. జవాబు మొత్తం తమ్ముడు తెచ్చిన ఇరవై నాలుగు పిట్టల మీద ఉంది. పెద్ద దీవివి పన్నెండు, చిన్న దీవివి పన్నెండు.

తమ్ముడు అక్కడే తోలు తీసి, చీటీలు కట్టి సర్దిన ఆ పిట్టల పెట్టె ఓడ అడుగున తడిసింది. తోళ్ళకు బూజు, జిడ్డు. వెంటనే కడిగి ఆరబెట్టకపోతే ఈకలు రాలిపోతాయి. తమ్ముడేమో వచ్చిన నాలుగో రోజే జ్వరంతో మంచం పట్టాడు. పిట్టలక్క ఒక్కతే కడిగింది. కడగాలంటే సిరా కారిపోకుండా ముందు చీటీలు విప్పాలి. ఆవిడ పద్ధతి ఎప్పుడూ ఒకటే. కడిగిన పిట్టల్ని ట్రేలో ఏ వరసలో పడుకోబెడితే, చీటీల్ని బల్ల మీద అదే వరసలో పేర్చి పైన గాజు పలక పెట్టేది. తడిసినవాటిని ఏది ముందు దొరికితే అది తీసి కడగడంతో ఈసారి రెండు దీవులవీ కలిసే ఆరాయి. రెండు ట్రేలు, ఒక్కో దాంట్లో పన్నెండు. కడిగినదాన్ని కడిగినట్టు చీటీ చూసి, పై వరసలో ఆరు పెద్ద దీవివి, కింది వరసలో ఆరు చిన్న దీవివి పెట్టింది.

మధ్యాహ్నానికి కిటికీలోంచి ఎండ జరిగింది. రెండో ట్రేలో కింది వరస నీడలో పడింది. ఆవిడ ఆ ట్రేను పట్టుకుని అటు చివర ఇటు వచ్చేలా తిప్పింది. రోజూ చేసే పనే, చెయ్యి తనంతట తనే చేసేస్తుంది. రోజూ ఒక ట్రేలో ఒకే చోటి పిట్టలుండేవి, ఎటు తిప్పినా వాటి చోటు మారేది కాదు. ఆ రోజు మారింది. సాయంత్రం ఇంటికి పోయి తమ్ముడి నుదురు తడిమి చూడాలన్న తొందరలో, బల్ల మీద వరస చూసి చీటీలు కట్టేసింది. పన్నెండు పిట్టలకు దీవులు తారుమారయ్యాయి.

మూడు వారాల తర్వాత పెద్దసారు కొలతలు పూర్తి చేసి తమ్ముడిని పిలిచారు. ట్రేలు పట్టుకుని పిట్టలక్క కూడా వెళ్ళింది. పెద్దసారు చెడ్డవారు కాదు, ఆయన మొహంలోనూ బాధే ఉంది. పెద్ద దీవి చీటీ ఉన్నవాటిలో ఆరు లావు ముక్కువి, ఆరు సన్న ముక్కువి. చిన్న దీవి చీటీ ఉన్నవాటిలోనూ ఆరూ ఆరూ. రెండు రకాలూ రెండు చోట్లా ఉన్నాయంటే అది ఒకటే జాతి అని ఆయన కాగితం మీద రాసుకున్నారు.

తమ్ముడు తన నోటుపుస్తకం తెరిచాడు. అందులో అలా లేదు. పుస్తకం ఒకటి చెబుతోంది, పిట్టలు ఇంకోటి చెబుతున్నాయి, దేన్ని నమ్మమంటావు అన్నారు పెద్దసారు.

గోడకు ఆనుకుని నిలబడిన పిట్టలక్కకు ఆరూ ఆరూ అన్న మాట వినగానే ఎండ, కిటికీ, తన చెయ్యి తిరగడం ఒక్కసారిగా కనబడ్డాయి. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఆలోగా తమ్ముడు ఒక పిట్టను తీసుకున్నాడు. చీటీ తిరగేసి, కాలికున్న ముడిని చూశాడు. అతను ఎప్పుడూ దారాన్ని రెండు చుట్లు చుట్టి గట్టిగా లాగి కట్టేవాడు. ఇది అలా లేదు. ఇది ఉచ్చు వేసి కట్టిన ముడి, చిన్నప్పుడు తన బూట్లకు అక్క కట్టిన ముడి. కాసేపు దాన్నే చూసి, పిట్టను జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. గోడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"చీటీలు రాసేటప్పుడు నేనే పొరబడి ఉంటానండి," అన్నాడు. "ఓడలో కళ్ళు తిరిగేవి."

అయిపోయింది. చీటీలు నమ్మడానికి లేవు, కాబట్టి ఆ దీవిలో వేరే జాతి ఉందని చెప్పడానికి ఆధారం లేదు అని రాసి, అతని చేత సంతకం పెట్టించుకున్నారు. పిట్టలక్క తెరిచిన నోరు మూసుకుంది. ఆ క్షణంలో ఒక్క మాట, రెండో ట్రే తిప్పానండి అన్న మూడు ముక్కలు అని ఉంటే, పన్నెండు ముడులు విప్పి కట్టుకుంటే, అంతా తేలిపోయేది. ఆ దీవిని వదిలేసేవారు.

ఎందుకు అనలేదంటే, ఆవిడ తనకు తాను చాలా కారణాలు చెప్పుకుంది. ఇప్పుడు చెబితే తమ్ముడు అబద్ధమాడినట్టవుతుంది అనుకుంది. ఇంటికెళ్ళాక వాడికొక్కడికే చెబుదామనుకుంది. ఇంటికెళ్ళాక తమ్ముడే, కొత్త పిట్టల్ని తెస్తానక్కా, కట్టడాలు ఎప్పుడూ ఏళ్ళ తరబడి నడుస్తాయి, ఈలోపు వెళ్ళొచ్చేస్తాను అన్నాడు. దాంతో ఆవిడ గుండె తేలికపడింది. వాడు తెస్తాడు, అంతా సర్దుకుంటుంది, తను నోరు విప్పాల్సిన అవసరమే రాదు. ఈ మాట ఆవిడ తర్వాత ఎన్నిసార్లు తలచుకుందో ఆవిడకే తెలియాలి.

మ్యూజియం అతన్ని మళ్ళీ పంపలేదు. పొరబాటు మనిషని పేరు పడిపోయింది కదా. ఒక సరుకుల ఓడలో వంటవాడికి సాయంగా చేరి వెళ్ళాడు. నేరుగా వెళ్ళే ఓడ కాదు, రేవు రేవునా ఆగుతూ పోయేది. పధ్నాలుగు నెలలు పట్టింది. తిరిగొచ్చి చెప్పులు విప్పి, ఖాళీ పెట్టెను గోడ పక్కన పెట్టి కూర్చున్నాడు. మరదలు మంచినీళ్ళిచ్చింది. డిపో అప్పటికే నడుస్తోందట. పనివాళ్ళతో పాటు ఎలుకలు దిగాయి, ఎలుకల కోసం పిల్లుల్ని దింపారు. మనిషి మోకాలి మీద వాలే పిట్టకు పిల్లిని చూసి ఎగిరిపోవాలని ఎవరు చెబుతారు? అతను నలభై రోజులు ఆ దీవంతా తిరిగాడట.

"ఒక్కటీ పాడలేదక్కా," అన్నాడు.

అంతకు మించి ఆ దీవి గురించి ఇంట్లో మాట్లాడలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మ్యూజియం గేటు దగ్గర టిక్కెట్లు చించే పని చేశాడు. పాత ఉద్యోగం ఇవ్వలేమన్నారు, ఇది ఇచ్చారు. అతను దిగులుగా ఉన్నట్టు పైకి కనబడేవాడు కాదు. బడిపిల్లలు వరసలో నిలబడి అల్లరి చేస్తుంటే ఒక పాట ఈల వేసేవాడు. మూడు స్వరాలు పైకి, ఒకటి కిందికి, చివర చిన్న విరుపు. ఇది ఏ పిట్టండీ అని పిల్లలు అడిగితే, ఇప్పుడు లేదు, లోపలికెళ్ళి మిగతావాటిని చూడండి అనేవాడు. ప్రపంచంలో ఆ పాట అతని నోట్లోనే మిగిలింది. వెనక గదిలో పిట్టలక్క కిటికీ తలుపు మూసుకుని పనిచేసుకునేది.

ఏడాదికొకసారి సొరుగుల్లో కలరా ఉండలు మార్చాలి. ఆ ఇరవై నాలుగు పిట్టల సొరుగు తీసినప్పుడల్లా ఆవిడ వేళ్ళు చీటీల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవి. ముడి విప్పి కట్టడానికి ఎంతసేపు? కానీ చెప్పకుండా మారిస్తే అది ఇంకో అబద్ధం, చెప్పి మారిస్తే ఇన్నేళ్ళూ ఏం చేశావంటారు. సొరుగు మూసేసేది.

అన్నిటికన్నా కష్టం ఇంట్లో ఉండేది. మరదలికి ఏమీ తెలియదు. మొగుడు చేతులారా ఉద్యోగం పోగొట్టుకున్నాడన్న ఉక్రోషం ఆమెకు హాస్యంగా బయటపడేది. కాఫీలో పంచదార తక్కువైందని అతనంటే చాలు, "ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియని మనిషి, దీవికీ దీవికీ ఏం తెలుస్తుంది లెండి," అనేది. అతనూ నవ్వేవాడు. అది నవ్వులాటేనని అందరికీ తెలుసు. పిట్టలక్క మాత్రం తింటున్నది వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచేది. మా వదినకు తమ్ముణ్ణి ఒక మాటంటే పడదు అని మరదలు వీధిలో మురిపెంగా చెప్పుకునేది.

అతను ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. అక్కే దగ్గరుండి చూసింది. మ్యూజియం వాళ్ళు దండ పంపారు. వచ్చిన ఇద్దరు ముగ్గురూ, మంచివాడు, కాస్త అజాగ్రత్త మనిషి, అంతే అన్నారు. మరదలు తలూపింది. ఆ తలూపడం పిట్టలక్క చూసింది.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు కుళాయి దగ్గర మాట పుట్టింది. మరదలి చెవిన పడనే పడింది. కొంగు దోపి, బిందె అక్కడే పడేసి, ఆ మాటన్న ముగ్గురు ఆడవాళ్ళనీ ఆమె నిలబెట్టి కడిగేసింది. తల్లి లేని పిల్లాణ్ణి పెంచి పెద్ద చేసిన మనిషిని అంత మాటంటారా, మా వదిన చేత ఇప్పుడే చెప్పించి మీ నోళ్ళు మూయిస్తాను అని వడివడిగా ఇంటికొచ్చింది. పిట్టలక్క పెరటి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అబద్ధమని ఒక్క మాట అను వదినా. మిగతాది నేను చూసుకుంటా."

పిట్టలక్క చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తనను కాపాడడానికి ఊరంతటితో పోట్లాడి వచ్చిన మనిషి మొహంలోకి చూసి, దొంగతనం అబద్ధం అంది. అంతటితో ఆగిపోవచ్చు. మరదలు వెనక్కి తిరిగింది కూడా. అప్పుడు పిట్టలక్క ఆమె కొంగు పట్టుకుని ఆపి, పక్కన కూర్చోమని, ఎండ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. ట్రే తిప్పడం, ఆరూ ఆరూ, ముడి చూసి వాడు మాట్లాడకపోవడం, తను మాట్లాడకపోవడం. వాడికి తెలుసనీ, వాడికి తెలుసని తనకు తెలుసనీ, అయినా తొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నామనీ చెప్పింది.

మరదలు అరవలేదు, ఏడవలేదు. ఉప్పు, పంచదార అని తనే అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆమెకు గుర్తొస్తున్నాయని మొహం చూస్తే తెలుస్తోంది. చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన ఉండగా ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా వదినా?"

"రోజూ అనిపించిందమ్మా," అంది పిట్టలక్క. "రేపు చెబుదామనుకునేదాన్ని. వాడు పోయిన రోజు పొద్దున కూడా, తలెత్తి పట్టుకుని మందు తాగిస్తూ, ఇవాళ ఆయాసంగా ఉన్నాడు, రేపు కాస్త నెమ్మదించాక చెబుదామనే అనుకున్నాను."